రంగులలో కరగిన ఒత్తులు

మన పాఠశాలలో కొంతకాలముగా కంప్యూటరుపై అక్షరములకు రంగులద్దు వేడుక హెచ్చినది. వార్షికోత్సవపు ఆహ్వానము గాని, నాటకపు ప్రకటన గాని, పైన పసుపుతో మొదలై క్రమముగా నారింజలోనికి, పిదప ఎరుపులోనికి కరగు అక్షరములే కానవచ్చుచున్నవి. ఒక రంగు మెల్లగా మరియొకటిగా మారు ఈ పద్ధతిని గ్రేడియెంటు అందురు. ఇది తెలుగు పాఠమునకు పనికిరాని వినోదమని కొందరు పెద్దలు మాతో అనిరి. మేమట్లు తలపము. రంగులద్దుటయు అక్షరజ్ఞానములోని భాగమే యని మా అభిప్రాయము.

గత సంవత్సరము పంటల ప్రదర్శనమునకై మన విద్యార్థులు "పత్తి మన పంట" అని పెద్ద ప్రకటన నొకటి తయారుచేసిరి. అక్షరముల తలలు ముదురు నీలము, క్రిందికి పోనుపోను తెలుపు. కాగితమును తెల్లనిదే. ఇంట తెలుగే మాటలాడుచు, నలువది యేండ్లు దాటిన పిమ్మట తన బిడ్డ వాచకముతో అక్షరములు నేర్చుకొన్న ఒక తండ్రి, దానిని కూడబలుకుకొని చదివి, "పతి మన పంట అనగా నేమి అయ్యవారూ?" అని అడిగెను. పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆయన చదివినది తప్పు కాదు. అచ్చట తకారపు ఒత్తు కనబడుటయే లేదు.

కారణము సులభమే. ఫొటోషాపులో గాని గింపులో గాని పైనుండి క్రిందికి రంగు వేసినప్పుడు అది వ్రాత మొత్తము ఎత్తునకు పరచుకొనును. ఒత్తులు అట్టడుగున నుండుటచే వానికి చివరి రంగే దక్కును. తమిళమున పొల్లు హల్లు నెత్తిపై చుక్క నిలుచును, అక్షరములు ప్రక్కప్రక్కనే సాగును; కావున క్రింద వెలవెలబోవు రంగు వారి వ్రాతకు అంతగా చేటు చేయదు. కోవిల్పట్టి, విరుదునగర్ వీధులలోని తమిళ ప్రకటనలను చూచి మన పిల్లలు ఈ సొగసు నేర్చిరి. నేర్చుట మంచిదే. అయితే తెలుగు వ్రాతలో సగము పని పంక్తికి దిగువన జరుగునని మరచిరి. ఒత్తులే కాదు, ధకార ఫకారముల అడుగు గీతయు అట్లే మాయమగును.

దీనికి విరుగుడు కలదు. గ్రేడియెంటు కోణమును మార్చి రంగును ఎడమనుండి కుడికి పోనిచ్చినచో, ఒత్తునకు దానిపై అక్షరపు రంగే వచ్చును. ఫొటోషాపు పొరలకిచ్చు గ్రేడియెంటు కోణము మొదట 90గా నుండును. దానిని 0 చేసిన చాలును. నిలువు రంగే కావలెనన్నచో, రెండు కొనల రంగులును కాగితముకన్న బాగుగ ముదురుగా నుండవలెను. సన్నని అక్షరములు ఈ పనికి తగవు. సిలికానాంధ్ర వారు ఉచితముగా అందించిన ఖతులలో రామభద్ర వంటి బొద్దు ఖతి శీర్షికలకు చక్కగా నప్పును. ఇక రంగుకన్న ముందే ఒత్తులు తమ స్థానమున కూర్చున్నవో లేదో చూచుకొనవలెను. యూనికోడులో తెలుగునకు 1991 లోనే చోటు దొరకినను, ఫొటోషాపులో దక్షిణాసియా లిపుల యేర్పాటు ఎన్నుకొననిచో ఒత్తులు విడివడి ప్రక్కకు దొరలుట మేము చూచితిమి.

ఆ చెంతనే శివకాశి యున్నది. రెండంగుళముల అగ్గిపెట్టె చీటిపై బొమ్మ, రంగు, పేరు అన్నియు ఇమిడ్చిన ఊరది. అంత చిన్న చీటిపైనను సరుకు పేరు చదువరాకున్న కొనువాడెవడు? మన ప్రకటనలకు ఆపాటి జాగ్రత్తయైనను వలదా? ఈ వీధులలో తెలుగు అక్షరము కంటబడుటయే అరుదు. కనబడిన ఆ ఒక్కటియు సగము చెరిగి యుండుట మాకు బాధాకరముగా నున్నది.

ఆ పత్తి ప్రకటననే రంగు అడ్డముగా త్రిప్పించి, ఈ సంచిక వెనుక అట్టపై మరల అచ్చు వేయించితిమి. తల్లిదండ్రులు దానిని పది అడుగుల దూరమున నిలిపి చదివి, ఏ ఒత్తు ఆనలేదో తమ పిల్లలతో చెప్పి పంపవలెనని కోరుచున్నాము.