అజినొమోటోకి ఉరి, అన్నానికి మాఫీ

గడ్డిఅన్నారం పండ్ల మండీని 2021–22లో విజయవాడ హైవే మీది బాటసింగారానికి తరలించారు. మండీ వెంట హమాలీలు పోయారు, వాళ్ల వెంట ఆకలీ పోయింది. రాత్రంతా మామిడి లారీలు దింపిన మజ్దూర్‌కి వేడివేడి అండా ఫ్రైడ్ రైస్ కంటే సస్తా తిండి ఏముంది? దిల్‌సుఖ్‌నగర్‌లో ఏసీ కింద కూర్చున్న షరీఫ్ జనాబ్‌లు మాత్రం దాన్ని "చైనా జహర్" అంటారు. ఇంట్లో పిల్లలు అడిగినా "నక్కో, అజినొమోటో!" అని బావర్చీఖానా తలుపేస్తారు.

సుబూత్ ఏదండీ? అజినొమోటో చైనాది కానే కాదు. 1908లో జపాన్‌లో ఇకెదా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు షోర్బాలోంచి తీశాడు. మన టమాటాలో ఉన్నదీ, తల్లిపాలలో ఉన్నదీ అదే గ్లూటమేట్. 1968లో అమెరికాలో ఒక డాక్టర్, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కుతోందని ఒక వైద్య పత్రికకు ఖత్ రాశాడు. సోయా సాస్, వంట సారా, ఉప్పు, అజినొమోటో, అన్నిటి మీదా షక్ పడ్డాడు. జనం ఒక్కదాన్నే ముజ్రిమ్‌ని చేశారు. అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్ వరసలోనే పెట్టింది. ఖాళీ కడుపున 3 గ్రాములు మింగితే కొందరికి తలనొప్పి రావచ్చు. ప్లేటు తిండిలో మామూలుగా అర గ్రాము కూడా ఉండదు.

"హరామ్ కదా భాయ్" అనే వాళ్లకీ జవాబుంది. 2001లో ఇండోనేషియా ఉలేమా కౌన్సిల్ అభ్యంతరం చెప్పింది నిజమే. తయారీలో పంది నుంచి తీసిన ఎంజైమ్ వాడారని. కంపెనీ దాన్ని మార్చింది, హలాల్ సర్టిఫికెట్ మళ్లీ వచ్చింది. సగం ఖబర్ మాత్రం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది.

2020లో గల్వాన్ తర్వాత ఒక కేంద్రమంత్రి రాందాస్ అఠావలే చైనా తిండి అమ్మే హోటళ్లనే మూయించాలన్నారు. సరిహద్దులో జంగ్‌కి బండివాడి కడాయి జవాబు చెప్పాలట!

అసలు ఖత్రా అన్నంలో ఉంది. దాని గురించి ఎవరూ నోరెత్తరు. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాలుంటాయి, ఉడికినా చావవు. అన్నం గంటలకొద్దీ గోరువెచ్చగా గుట్టపడి ఉంటే మొలిచి విషం వదులుతాయి. ఆ విషం తర్వాత ఎంత వేయించినా పోదు. 1970లలో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిని వాంతులైన కేసుల వెనక దొరికింది ఇదే.

కాబట్టి ఇంట్లో చేయండి, బేఫికర్‌గా. రాత్రి మిగిలిన సోనా మసూరి అన్నాన్ని గిన్నెలో మూతపెట్టి పొద్దుటిదాకా వదలొద్దు. వెడల్పాటి పళ్లెంలో పరిచి, గంటలోపే ఫ్రిజ్‌లోకి. చల్లటి అన్నమే పలుకు పలుకుగా విడుతుంది, వేడన్నం ముద్దవుతుంది. కడాయి పొగలొచ్చేదాకా కాగాలి. గిలక్కొట్టిన రెండు గుడ్లు సగం గట్టిపడగానే తీసి పక్కన పెట్టండి. వెల్లుల్లి, ఉల్లికాడలు, క్యాబేజీ, తర్వాత అన్నం. సోయా సాస్ అన్నం మీద కాదు, కడాయి అంచున పోయాలి. మిరియాలు, రెండు చుక్కల సిర్కా, చిటికెడు అజినొమోటో. అది వేస్తే ఉప్పు తగ్గించండి, అందులో సోడియం ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతే. చివర్లో గుడ్లు. ఒక్కసారికి ఇద్దరి పాలే. ఖాందాన్ మొత్తానికి ఒకేసారి వేస్తే కడాయి వేడి దిగి అన్నం ఆవిరికి ఉడుకుతుంది, వేగదు.

ఇక బండి దగ్గర నిలబడితే అజినొమోటో డబ్బా కోసం వెతక్కండి. "భాయ్, ఈ చావల్ ఎన్ని గంటలకి వండావు?" అని అడగండి.