బ్రోకర్ వేరు, సలహాదారు వేరు

కోతలయ్యాక పామిడిముక్కల మండలంలో ఏ కళ్లం దగ్గరికైనా ముందు వచ్చేది ధాన్యం బ్రోకరే. రైతుకూ మిల్లుకూ మధ్య నిలబడి బేరం కుదురుస్తాడు, బస్తాకింత అని కమీషన్ తీసుకుంటాడు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. అందుకే "ఇప్పుడే అమ్మమంటావా, ఇంకో నెల ఆగమంటావా?" అని అతన్ని అడిగినా, చెప్పిన మాటలో సగం తీసేసి వింటాం. బస్తా కదిలితేనే అతనికి డబ్బు. అతను చెడ్డవాడని కాదు, అతని పని అది.

ఇంత లెక్క తెలిసిన ఇళ్లలో పుట్టిన పిల్లలు మీరు. ఉయ్యూరులోనో విజయవాడలోనో డిగ్రీ పూర్తిచేసి, హైదరాబాద్‌లో మొదటి జీతం అందుకుని, ఫోన్‌లో డీమాట్ ఖాతా తెరుస్తారు. మర్నాటి నుంచి ఆ బ్రోకర్ యాప్ 'ఈ రోజు కొనదగ్గ షేర్లు' అని పంపుతుంటుంది. దాన్ని మాత్రం సలహా అనుకుంటారు. తాత ధాన్యం బ్రోకర్ మాటను జల్లెడ పట్టినట్టు మనం ఈ నోటిఫికేషన్‌ను ఎందుకు పట్టం?

బ్రోకర్, సలహాదారు ఒకటే అనుకోవడం చాలామందికి అలవాటు. చట్టం అలా అనుకోదు. బ్రోకర్లకు 1992లో, పెట్టుబడి సలహాదారులకు 2013లో సెబీ వేరువేరుగా నిబంధనలు తెచ్చింది. బ్రోకర్ మీరు ఇచ్చిన ఆర్డర్‌ను మార్కెట్‌లో నిజాయితీగా అమలు చేయాలి, మీ డబ్బూ షేర్లూ తనవాటితో కలపకూడదు. సలహాదారు మీద అంతకు మించిన బాధ్యత ఉంది. ఇంగ్లీషులో ఫిడ్యూషియరీ అంటారు. మన ఊరి భాషలో దానికి దగ్గరి మాట ధర్మకర్త. దేవుడి మాన్యాన్ని తన బావమరిదికి చౌకగా కౌలుకిచ్చే ధర్మకర్తను ఊరు ఏమంటుందో మీకు తెలుసు. సలహాదారుకూ అదే కొలత: తన లాభం కన్నా మీ లాభం ముందు, తనకు ఎక్కడైనా స్వార్థం ఉంటే ముందే బయటపెట్టాలి.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే నిబంధన ఒకటుంది. సలహాదారు ఏ షేరు, ఏ ఫండ్ గురించి చెప్పినా, దాని మీద మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా పైసా తీసుకోకూడదు. ఫండ్ కంపెనీ నుంచి కమీషన్ లేదు, బ్రోకర్ నుంచి వాటా లేదు. జీతం మీరిస్తారు కాబట్టి అతను మీ మనిషి.

దీనివల్ల ఏం తేడా వస్తుందో ఒక ఉదాహరణ చూడండి. ఇంట్లో మినుము అమ్మిన డబ్బు, మీరు దాచింది కలిపి మూడు లక్షలున్నాయి. నాన్న పేరు మీద ప్రైవేటు అప్పు రెండున్నర లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. ఈ మూడు లక్షలూ ఎక్కడ పెట్టాలని బ్రోకర్ యాప్‌ను అడిగితే పది షేర్ల పేర్లు చెబుతుంది. ధర్మకర్తలాంటి సలహాదారైతే ముందు అప్పు తీర్చమంటాడు. ఏ షేరూ ఏటా కచ్చితంగా 24 శాతం ఇవ్వదు, అప్పు తీరిస్తే ఆ 24 శాతం కచ్చితంగా మిగులుతుంది. కానీ ఆ మాట చెప్తే బ్రోకర్‌కు రూపాయి రాదు. మంచి సలహా చాలాసార్లు 'ఏమీ కొనొద్దు' అనే ఉంటుంది. కొంటేనే బతికేవాడి నోట ఆ మాట ఎందుకొస్తుంది?

కొనడం, అమ్మడం ఎంత ఎక్కువైతే ఎవరికి ఎంత మిగులుతుందో ఆప్షన్ల వ్యాపారం చెబుతుంది. 2024 సెప్టెంబరులో సెబీ ఒక అధ్యయనం విడుదల చేసింది. 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. లావాదేవీల ఖర్చుల కింద వాళ్లు కట్టింది సుమారు 50 వేల కోట్లు, అందులో దాదాపు సగం బ్రోకరేజీ. ఓడినవాడూ ఆర్డరుకింత కట్టాడు, గెలిచినవాడూ కట్టాడు. ఈ పేజీ చదివేవాళ్లకు పట్టాల్సిన అంకె ఇంకొకటి ఉంది. 2023-24లో ఈ ఆట ఆడినవాళ్లలో 43 శాతం మంది ముప్పయ్యేళ్ల లోపువాళ్లు.

అంటే బ్రోకర్లు దొంగలని నేననడం లేదు. తక్కువ ఖర్చుతో షేరు కొనుక్కోవాలంటే బ్రోకర్ కావాలి, మిల్లుకు ధాన్యం చేరాలంటే మధ్యవర్తి కావాలి. కాకపోతే అతని చేతికి ఏమిస్తున్నామో తెలిసి ఇవ్వాలి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంగతి గుర్తుందా? 2019 నవంబరు 22న సెబీ ఆ సంస్థను కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆపింది. ఖాతాదారులు రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని అడ్డం పెట్టుకుని, వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి సొంతానికి అప్పులు తెచ్చుకుందన్నది అభియోగం. దాదాపు 95 వేల మందికి చెందిన 2,300 కోట్ల రూపాయల షేర్లు అలా తాకట్టులోకి వెళ్లాయి. 2023 ఏప్రిల్‌లో ఏడేళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది. ఆ కథ తర్వాతే తాకట్టు పద్ధతి మారింది, పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో పరిమిత అధికారమిచ్చే పత్రం వచ్చింది. అది చెడు సలహా కేసు కాదు, చేతికిచ్చిన సొత్తు కేసు. మీ షేర్లు, డబ్బు సలహాదారు చేతికి వెళ్లవు. అతను చెప్తాడు, చేసేది మీరే.

చట్టంలో ఒక సందు ఉంది, అది నాకు నచ్చదు. బ్రోకర్ తన అసలు పనికి అనుబంధంగా సలహా ఇస్తే సలహాదారుగా రిజిస్టర్ కానక్కర్లేదు. అమెరికాలో 1940 నాటి చట్టంలోనూ ఇదే మినహాయింపు ఉంది. ఎనభై ఏళ్లు గడిచాక, 2020 జూన్ నుంచి, సిఫారసు చేసేటప్పుడు బ్రోకర్ కూడా ఖాతాదారు మేలు చూడాలని అక్కడ నిబంధన పెట్టారు. డల్లాస్‌లో ఉన్న మీ బాబాయికి అక్కడి బ్రోకర్ దగ్గర దొరికే ఆ కాస్త రక్షణ మీకెందుకు ఉండకూడదు? కనీసం ప్రతి నోటిఫికేషన్ కిందా 'మీరు కొంటే మాకు ఇంత వస్తుంది' అని తెలుగులో ఒక వాక్యం రాయించినా చాలు.

మన వైపు లోపం కూడా ఉంది. సలహాకు డబ్బివ్వడమంటే మనకు చేదు. 'ఉచితం' అంటే చాలు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేద్దామని వెళ్లి బీమా పాలసీతో బయటికొచ్చిన పెద్దాయన ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. ఆ సలహా కూడా ఉచితమే! మ్యూచువల్ ఫండ్లలో రెగ్యులర్ ప్లాన్ అంటే మధ్యవర్తి కమీషన్ మీ డబ్బులోంచే ఏటా పోతుంది. 2013 జనవరి నుంచి ప్రతి ఫండ్‌కూ కమీషన్ లేని డైరెక్ట్ ప్లాన్ ఉందని మనలో ఎందరికి తెలుసు?

సరే, అసలు సలహాదారును గుర్తుపట్టడం ఎలా? సెబీ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. సలహాదారు రిజిస్ట్రేషన్ సంఖ్య ఐఎన్ఏ అక్షరాలతో మొదలవుతుంది, బ్రోకర్‌ది ఐఎన్‌జెడ్‌తో. ఐఎన్‌హెచ్ ఉంటే రీసెర్చ్ అనలిస్టు. అతనికి షేరు తెలుసు, మీ ఇంటి అప్పు తెలియదు. ఏ సంఖ్యా లేకుండా టెలిగ్రామ్ గ్రూపులో 'గ్యారంటీ లాభం' అనేవాడి గురించి చెప్పాల్సిన పనే లేదు, బయటికొచ్చేయండి.

చిక్కంతా సలహాదారులు దొరకకపోవడం దగ్గరే. ఇంత దేశానికి రిజిస్టర్ అయినవాళ్లు వెయ్యికి అటూ ఇటూగా ఉన్నారు. తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు అందులో ఇంకెంతమంది? కెరీర్ వెతుక్కుంటున్న మీకు ఇది పనికొచ్చే కబురు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వృత్తికి డాక్టరు. డబ్బు వ్యవహారం పెద్ద నగరాల వాళ్లదేనని ఈ జిల్లా ఎప్పుడూ అనుకోలేదు. 2024 డిసెంబరులో సెబీ అర్హతలు సడలించింది. పీజీ, పాత అనుభవం అక్కర్లేదు. డిగ్రీతో పాటు ఎన్ఐఎస్ఎం నిర్వహించే టెన్-ఎ, టెన్-బి పరీక్షలు పాసవ్వాలి. 150 మంది క్లయింట్ల వరకు లక్ష రూపాయల డిపాజిట్ చూపితే చాలు.

లెక్క వేసి చూడండి. కుటుంబానికి ఏడాదికి నాలుగు వేలు తీసుకున్నా 150 కుటుంబాలకు ఆరు లక్షలు. మొదటి ఏడాది పది మంది కూడా రాకపోవచ్చు, ఆ కాలం గడవడానికి ఇంకో ఉద్యోగం ఉండాలి. కానీ తాడంకి, మంటాడ, వీరంకిలాకు, గురజాడ ఈ నాలుగు ఊళ్లు తిరిగినా, పిల్లాడు అమెరికా నుంచి పంపిన డబ్బు ఏం చేయాలో తెలియని ఇళ్లు 150 కన్నా ఎక్కువే ఉంటాయి.