సైకిలు మీద ఆఫీసుకా?

"అబ్బాయి ఆఫీసుకి దేనిమీద వెళతాడండీ?"

పోయినేడు మాఘంలో మా అన్నయ్యను చూసుకోవడానికి వచ్చిన పెద్దమనిషి అడిగిన మొదటి ప్రశ్న ఇది. జీతమెంత అన్నది రెండో ప్రశ్న! "సైకిలు మీదండీ" అన్నాడు నాన్న. ఆయన కాఫీగ్లాసు కింద పెట్టి "సైకిలు మీద... ఆఫీసుకా?" అన్నాడు. ఆ సంబంధం కుదరలేదు. నెల తిరక్కుండా మా పాడిగేదె సంతకు పోయింది, ఇంటికి మోటారు సైకిలు వచ్చింది. అన్నయ్య సైకిలు నాకు దక్కింది.

అన్నయ్య గుంటూరులో ఒక ఆఫీసులో గుమాస్తా. మా ఊరినుంచి పదకొండు కిలోమీటర్లు. మూడేళ్ళపాటు ఎండనక, వాననక తొక్కుకుంటూ వెళ్ళాడు. రైతుబిడ్డలం, మాకు కాలాలు కార్తెల్లోనే తెలుస్తాయి. రోళ్ళు పగిలే రోహిణిలో ఏడింటికే బయలుదేరి, చెవులకు తుండుగుడ్డ చుట్టి, సీసాలో ఉప్పేసిన మజ్జిగ పెట్టుకునేవాడు. మృగశిరలో తొలకరి పడితే అసలు కష్టం రోడ్డెక్కేదాకా ఉన్న డొంకే. రేగడిమట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు. గీకడానికి ఒక వెదురుపుల్ల, ఆఫీసు చొక్కాకు ఒక ప్లాస్టిక్ సంచి. అప్పటికీ కదలకపోతే సైకిలు భుజాన వేసుకుని నడిచేవాడు. ధనుర్మాసం మంచులో బెల్లు కొడుతూనే పోవాలి. ఆ తర్వాత యార్డుకు పోయే మిర్చిలారీల ఘాటు, కళ్ళు మంటలు!

వాతావరణం అన్నయ్యను ఓడించలేదు. ఓడించింది ఆఫీసు గేటు. మోటారు సైకిలుకు సలాము కొట్టే వాచ్‌మన్ సైకిలును చూసి "ఏయ్, పక్కన పెట్టు" అనేవాడట. బళ్ళకు రేకుల షెడ్డు, సైకిలుకు ఎండలో గోడవార. సాయంత్రానికి సీటు పెనంలా కాలేది.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా ఒక మాట. నడిచే మనిషి ఖర్చుచేసే శక్తిలో సుమారు అయిదోవంతుతో సైకిలు మీది మనిషి అంతే దూరం పోతాడని 1973లో ఎస్.ఎస్. విల్సన్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో లెక్క చూపించాడు. జంతువుల్లోనూ, యంత్రాల్లోనూ అంత పొదుపుగా ప్రయాణించేది లేదన్నాడు. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే నిరోధం నాలుగింతలు. వడగాలి ఎదురైతే అన్నయ్య తల వంచి నెమ్మదిగా తొక్కేవాడు. ఫిజిక్సు చదవకపోయినా ఆ సూత్రం అతని కాళ్ళకు తెలుసు!

మిత్రులారా, అందరూ సైకిలే తొక్కాలని నేను నీతులు చెప్పడం లేదు. ముప్ఫై కిలోమీటర్ల నుంచి వచ్చేవారికి, ఒంట్లో బాగోనివారికి బండి కావాల్సిందే. కానీ తొక్కగలిగినవాణ్ణి సిగ్గుపెట్టి దించెయ్యడం ఏం న్యాయం? హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌరఫలకాల కప్పు వేసి 2023లో ప్రారంభించారు. సంతోషం. తొక్కేవాడికి నీడ కావాలని అక్కడ ఒప్పుకున్నట్టేగా! మరి పొట్టకూటికి తొక్కేవాడికి ఆఫీసు ఆవరణలో నాలుగు రేకులు వెయ్యలేమా? రోడ్డు అంచున లారీలు ఆపకుండా రెండు మూరల జాగా వదల్లేమా?

ముందు మన కాలేజీలోనే మొదలుపెడదాం. ఏడాదిగా అన్నయ్య సైకిలు మీద నేనూ కార్తెలన్నీ చూశాను. మన స్టాండులో కప్పున్న భాగమంతా బళ్ళదే, సైకిళ్ళు కానుగచెట్టు కింద. అక్కడో షెడ్డు వేయించమని విద్యార్థి సంఘాన్ని అడుగుతున్నాను. వారానికొక్కరోజు ఒకరిద్దరు లెక్చరర్లు సైకిలు మీద వచ్చినా చాలు, గేటు దగ్గర మర్యాద దానంతటదే మారుతుంది.

మా ఇంట్లో ఇప్పుడు అమ్మ పాలపాకెట్లు కొంటోంది. అన్నయ్య బండికి ప్రతివారం పెట్రోలు పోయిస్తున్నాడు. సంబంధం మాత్రం ఇంకా కుదరలేదు.