సంరక్షణకు కులం లేదా?

మంచాన పడిన మనిషికి సేవ చేయడం కుటుంబ ధర్మమంటారు. ఆ ధర్మానికయ్యే ఖర్చు మాత్రం అన్ని కులాలకూ ఒకటి కాదు. నెలజీతమున్న ఇంట రోగి కోసం ఆయమ్మను పెట్టుకుంటారు. ఆమె చాలాసార్లు దళిత, వెనుకబడిన కులాల స్త్రీయే. పరాయి ఇంట మలమూత్రాలు ఎత్తితే ఆమెకు కూలి దక్కుతుంది. అదే పని సొంత ఇంట, పక్షవాతం వచ్చిన అత్తకు చేస్తే ఉన్న కూలీ పోతుంది. కూలి వదులుకోలేకపోతే ఆ బాధ్యత బడి మానిన కూతురిమీద పడుతుంది.

అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇవ్వాలన్న ఆలోచన 2016 నాటి చట్టంలోనే, 24వ సెక్షన్‌లో ఉంది. కేరళ అంతకుముందే, 2010లో, ‘ఆశ్వాసకిరణం’ పథకం తెచ్చింది. నెలకు 600 రూపాయలు స్వల్పమే. అయినా అది సేవ చేసే మనిషిని గుర్తించింది. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను అందుతోంది. మెచ్చదగినదే. కానీ అది రోగి పేరిట వచ్చేది, రోగితోనే పోయేది. ఏళ్ల తరబడి కూలికి దూరమైన స్త్రీకి ఆ తర్వాత మిగిలేది నడుంనొప్పే.

విశ్వవిద్యాలయంలో నేను చూస్తున్నదీ ఇదే. తన జబ్బుకైతే విద్యార్థిని మెడికల్ సర్టిఫికెట్ తేగలదు. తల్లిని డయాలసిస్‌కు తీసుకెళ్లిన రోజులకు ఏ కాగితం తేవాలి? హాజరు 75 శాతానికి తగ్గితే ఆమెకు పోయేది పరీక్ష ఒక్కటే కాదు, ఉపకార వేతనం కూడా. ఫీజు సొంతంగా కట్టుకోగల కులాల పిల్లలకు ఈ రెండో దెబ్బ లేదు.

సంరక్షకురాలి పేరిటే భత్యం, ఆ రోజులకు హాజరు మినహాయింపు: విద్యార్థి సంఘాల డిమాండ్ల పత్రాల్లో ఈ రెండూ నాకింతవరకు కనిపించలేదు.