కళ్ళు తిరుగుడు: మాత్రలు కాదు, తల తిప్పడమే వైద్యం

ప్రశ్న: నా వయసు 54. నాలుగు నెలలుగా మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గానుగలా గిర్రున తిరుగుతోంది. వాంతి వచ్చినట్టుంటుంది. కదలకుండా ఉంటే నిమిషంలోపే తగ్గిపోతుంది. అటక మీద డబ్బా కోసం తలెత్తినా అంతే. చెవులు బాగానే వినిపిస్తున్నాయి. పైత్యమని కొందరు, నరాల బలహీనత అని కొందరు అంటున్నారు. బలానికి ఇంజక్షన్లు చేయించుకున్నాను. మూడు నెలలుగా తల తిరుగుడు మాత్రలు వాడుతున్నాను. పడిపోతానన్న భయంతో మేడ మెట్లు ఎక్కడం మానేశాను. ఇది పక్షవాతానికి దారి తీస్తుందా?
– ఒక సోదరి, అనకాపల్లి

జవాబు: భయపడకండి. మీరు రాసిన లక్షణాలు పక్షవాతానివి కావు. పైత్యమూ కాదు, నరాల బలహీనతా కాదు. ఇది లోపలి చెవిలో వచ్చే చిక్కులా కనిపిస్తోంది. పరీక్షలో అదే అని తేలితే, మాత్రలతో పని లేకుండా తలను ఒక పద్ధతిలో తిప్పి నయం చేయవచ్చు.

‘కళ్ళు తిరుగుతున్నాయి’ అన్న ఒక్క మాటను మనం మూడు రకాల బాధలకు వాడతాం. లేచి నిలబడగానే చీకట్లు కమ్మితే రక్తపోటు పడిపోతోందా, రక్తం తక్కువగా ఉందా, బి.పి. మాత్రల మోతాదు ఎక్కువైందా అని చూడాలి. నడకలో తూలుతుంటే కాళ్ళ నరాలను, చూపును, మెదడును పరీక్షించాలి. గది గిర్రున తిరిగితే ముందుగా అనుమానించవలసింది చెవిని. అందుచేత డాక్టరుగారికి ఎప్పుడు, ఎంతసేపు, ఏ వైపు తిరిగితే వస్తోందో వివరంగా చెప్పండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

చెవి లోపల ఏం జరుగుతుంది?

మన చెవి వినడానికే కాదు, ఒళ్ళు తూలకుండా నిలబెట్టడానికి కూడా. ఒక్కో చెవిలో ద్రవంతో నిండిన అర్ధవృత్తాకారపు గొట్టాలు మూడు ఉంటాయి. వాటి పక్కనున్న సంచిలో సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బనేట్ రేణువులే అతి సూక్ష్మంగా అతుక్కుని ఉంటాయి. వయసు మీద పడినప్పుడో, తలకు దెబ్బ తగిలినప్పుడో కొన్ని ఊడి గొట్టంలోకి జారతాయి. తల తిప్పగానే అవి దొర్లి, లోపలి ద్రవాన్ని కదిలిస్తాయి. తల ఆగినా ఇంకా తిరుగుతున్నట్టు మెదడుకు తప్పుడు కబురు అందుతుంది.

ఈ జబ్బును 1921లో బరానీ అనే వైద్యుడు వర్ణించాడు. రోగిని చటుక్కున వెనక్కి పడుకోబెట్టి కనుగుడ్ల కదలికను చూసే పరీక్షను 1952లో డిక్స్, హాల్‌పైక్ అనే ఇద్దరు ప్రచురించారు. ఏ చెవిలో చిక్కు ఉందో చాలావరకు దీనితోనే తెలిసిపోతుంది.

చికిత్స

అమెరికా వైద్యుడు ఎప్లీ 1992లో ప్రచురించిన పద్ధతి ఇప్పుడు అంతటా వాడుకలో ఉంది. తలను వరుసగా కొన్ని భంగిమల్లో ఉంచి, రేణువులను గొట్టంలోంచి తిరిగి సంచిలోకి జారుస్తారు. పది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లకే గుణం కనిపిస్తుంది. మొదటిసారి చెవి డాక్టరు గాని, తెలిసిన ఫిజియోథెరపిస్టు గాని చేయాలి. మీకు దగ్గరలో విశాఖపట్నంలో ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఉంది.

ఇంట్లో చేసుకునే వ్యాయామం

డాక్టరు నిర్ధారించాక, పక్కన ఒక మనిషిని ఉంచుకుని చేయండి.

1. మంచం అంచున కూర్చుని తలను సగం ఎడమకు తిప్పండి.
2. అలాగే చటుక్కున కుడిపక్కకు పడుకోండి. ముక్కు పైకప్పు వైపు ఉండాలి. తల తిరుగుడు తగ్గేదాకా, లేదా 30 సెకండ్లు ఆగండి.
3. లేచి 30 సెకండ్లు కూర్చోండి.
4. తలను కుడికి తిప్పి ఎడమపక్కకు పడుకోండి.

ఇలా రెండు పక్కలకూ 5 సార్లు చొప్పున, రోజుకు మూడు పూటలు, రెండు వారాలు చేయాలి. మొదట్లో తల తిరుగుతుంది. అంతమాత్రాన మానకండి. మెడ ఎముకల జబ్బు ఉన్నవారు, ఇదివరకు పక్షవాతం వచ్చినవారు డాక్టరునడగకుండా చేయరాదు.

తల తిరుగుడు మాత్రలు వాంతులు ఎక్కువగా ఉన్న కొద్ది రోజులకే. అవి రేణువులను కదిలించలేవు. నెలల తరబడి మింగితే మత్తుగా ఉండి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. మెదడు తనంతట తాను సర్దుకోవడమూ ఆలస్యమవుతుంది. మీ డాక్టరుతో మాట్లాడి వాటిని తగ్గించుకోండి. కదిలితే తిరుగుతుందని మంచాన పడి ఉండటం కూడా తప్పే.

ఆలస్యం చేయకూడనివి

తల తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా, ఎన్నడూ లేనంత తలనొప్పి వచ్చినా వ్యాయామాలు, చిట్కాలు పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

మీ విషయంలో అటువంటిదేమీ లేదు. నయమయ్యేదాకా రాత్రి లేచేటప్పుడు దీపం వేసుకుని, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి. ఈ జబ్బు ప్రాణం తీయదు గాని, స్నానాల గదిలో పడితే తుంటి ఎముక విరుగుతుంది. తగ్గాక ఎప్పుడైనా మళ్ళీ రావచ్చు. వస్తే మళ్ళీ ఇదే వైద్యం.