మత్తు డాక్టర్ చెవిని విననివ్వండి

నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రి చుట్టూ 100 మీటర్ల వరకు హారన్ కొట్టరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ మాట రాసిన బోర్డు గేటు దగ్గరే ఆగిపోయింది. లోపల ఆపరేషన్ థియేటర్‌లో సెల్‌ఫోన్ మోగుతుంది, ట్రేలు ఖంగుమంటాయి, తలుపు తీసి ఎవరో కబురు చెప్పి పోతారు. ఎముకల ఆపరేషన్లలో డ్రిల్లు, సుత్తి దెబ్బలు 100 డెసిబెల్స్ దాటిన సందర్భాలున్నాయి. వాటిని ఆపలేం. కబుర్లను ఆపగలం.

మత్తు డాక్టర్‌కు కళ్లెంతో చెవులూ అంతే. రోగి వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ గుండె కొట్టుకున్నప్పుడల్లా బీప్‌మంటుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే ఆ శ్రుతి కిందికి దిగుతుంది. చేతులు గొంతులో ట్యూబు వేస్తుంటే, ఆ తేడాను పట్టాల్సింది చెవే. 2013లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ పరిశోధకులు మత్తు విభాగం జూనియర్ డాక్టర్లను పరీక్షించారు. థియేటర్ రొద వినిపిస్తూ, కళ్లకు వేరే పని కూడా పెడితే, ఆ తేడాను గుర్తించే సామర్థ్యం సుమారు 17 శాతం తగ్గింది.

ఇన్నేళ్లూ ఇలాగే నడిచింది కదా అంటారు. రైలు పట్టాల పక్క ఇంట్లో నిద్ర పట్టడం వేరు, ఆ రొదలో సన్నటి తేడా వినడం వేరు.

మత్తిచ్చేవాడి ధ్యాస గురించిన పట్టింపు మనకు కొత్తదేమీ కాదు. 1888, 1889లలో నిజాం సొమ్ముతో హైదరాబాద్‌లో క్లోరోఫాం మత్తుమందును పరీక్షించే కమిషన్లు పనిచేశాయి. మత్తిచ్చేవాడు శ్వాసనే కనిపెట్టుకొని ఉండాలని వాటి వెనకున్న సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టారు. క్లోరోఫాం గుండెను దెబ్బతీయదన్న ఆయన వాదం తర్వాత తప్పని తేలింది. మత్తిచ్చేవాడి ధ్యాస చెదరకూడదన్న పట్టుదల మాత్రం నిలిచింది.

మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి. థియేటర్ రొద అలవాట్లు ఇంకా ముదరని చోట్లు ఇవి; మార్పు ఇక్కడ తేలిక. పైగా తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. వెన్నులో సూది వేయించుకున్న తల్లి మెలకువగానే ఉంటుంది. మన కబుర్లన్నీ ఆమె చెవిన పడతాయి.

విమానం పదివేల అడుగుల కిందికి దిగాక కాక్‌పిట్‌లో పనికిరాని మాట ఆడకూడదని అమెరికా 1981లోనే నిబంధన పెట్టింది. మనకూ అంత కచ్చితమైన కట్టడి కావాలి. మత్తు ఎక్కించేటప్పుడు, దింపేటప్పుడు ఫోన్లు బయట, తలుపులు మూత, పాటలు బంద్. బీప్ శబ్దాన్ని ఎవరూ ఆపకూడదు. మత్తు డాక్టర్ ‘నిశ్శబ్దం’ అంటే అవతల సీనియర్ సర్జన్ ఉన్నా ఆ మాట చెల్లాలి. దీనికి కొత్త పరికరాలు అక్కర్లేదు. ఈ మూడు జిల్లాల ఆసుపత్రి సూపరింటెండెంట్లు ఈ నియమాలపై ఈ నెలలోనే సంతకం చేసి థియేటర్ తలుపుకు అంటించాలి.