ఆ మూట ఆమే విప్పాలి

పాత వస్తువులు దాచుకోవడం మన ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. హార్లిక్స్ సీసాలో పోపుగింజలు, బిస్కెట్ డబ్బాలో సూదీ దారం, పాత చీరలతో బొంత... దాన్ని పొదుపు అంటాం. కానీ దాచినవే ఇల్లంతా నిండిపోయి, మనిషి పడుకోవడానికి జాగా లేకపోతే? పొయ్యి దగ్గరిదాకా పాత కాగితాల కట్టలు పేరుకుపోతే? అది పొదుపు కాదు. అలాగని పిసినారితనమూ కాదు, బద్ధకమూ కాదు. వస్తువును వదలాలంటే ప్రాణం విలవిలలాడే ఈ స్థితిని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో ప్రత్యేకమైన మానసిక సమస్యగా గుర్తించింది.

పెబ్బేరులో మాకు తెలిసిన పెద్దమ్మ ఒకామె ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద వచ్చినప్పుడు అలంపురం వైపున్న ఆమె ఇంట్లో గిన్నె కూడా మిగల్లేదు. కొడుకు దగ్గరికి వచ్చాక క్యారీ బ్యాగు మొదలు తుప్పు పట్టిన మూత దాకా ఏదీ పారేయనివ్వలేదు. వరద వల్లే ఇలా అయిందని నేననను. అయితే అన్నీ పోగొట్టుకున్న మనిషికి "ఇదెందుకు పనికొస్తుంది?" అన్న మాట ఎలా తగులుతుందో ఆలోచించండి.

ఒక శనివారం ఆమె సంతకు వెళ్లింది చూసి కొడుకు పాత సామాన్ల బండిని పిలిచి గది ఖాళీ చేయించాడు. భర్త ఫోటో ఉన్న రేకు డబ్బా కూడా అందులోనే పోయింది. రెండు రోజులు ఆమె అన్నం ముట్టలేదు. కొన్ని నెలలకే గది మళ్లీ నిండింది. నింద మాత్రం కోడలి మీద పడింది!

ఆ కోడలే తర్వాత దారి కనిపెట్టింది. రోజుకు ఒక్క మూట, అరగంట. ముందు పొయ్యి చుట్టూ, నడిచే దారీ. ఎందుకంటే అక్కడ నిప్పు భయం, తేళ్ల భయం. మూట విప్పేది అత్తమ్మే. ఉంచేవి, ఇచ్చేవి, పారేసేవి అని మూడు కుప్పలు. గడువు దాటిన మాత్రల వంటివి ముందు, జ్ఞాపకాలున్నవి చివర. "పారేద్దామా?" అనలేదు, "అత్తమ్మా, ఇది ఎవరికిద్దాం?" అని అడిగింది. మధ్యాహ్నాలు నేనూ వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. ఎద్దులు లేకపోయినా దాచిన పలుపులూ గజ్జెలూ ఉన్నాయి. పెబ్బేరు సంతలో కొత్తగా ఎడ్లు కొన్న రైతుకు వాటిని ఆమె తన చేత్తోనే ఇచ్చింది. ఆ రోజు ఇంకో మూట తనే ముందుకు జరిపింది.

ఇల్లు పూర్తిగా ఖాళీ కాలేదు. రెండు గదుల్లో నడవగలుగుతున్నారు, మంచం మీద మనిషి పడుకుంటోంది. అది చిన్న విషయమా?

ఇంట్లోవాళ్ల ఓపికతో కాకపోతే మానసిక వైద్యుడికి చూపించడానికి సిగ్గుపడకండి. 2022లో మొదలైన టెలీ మానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈసారి పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పెద్దవాళ్లు ఊళ్లో లేని రోజు చూసుకోవద్దు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే మొదలుపెట్టండి.